లాకు అంటే తాళమేనా? ఒకే ఇంగ్లీషు మాటకు పది అర్థాలుంటే ఎలా పట్టుకోవాలి?

వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనకోడల్ని ఆత్రేయపురం తీసుకెళ్తున్నాను. బస్సులో ఎవరో "లొల్ల లాకుల దగ్గర ఆపండి" అన్నారు. "అక్కడ తాళాలు అమ్ముతారా మావయ్యా?" అని అడిగింది ఇది. ముందు సీటాయన వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

దాని తప్పేం లేదు. మనకి లాకు అంటే కాలువ మీద నీటిని ఆపే తలుపుల కట్టడం, లాక్ అంటే ఫోన్‌కి వేసేది. రెండూ ఒకే ఇంగ్లీషు మాట అని మనకే తట్టదు.

ఇలాంటి మాట తగిలినప్పుడు డిక్షనరీ తీసే ముందు పక్క మాటలు చూడాలి. "ద బోట్ వెయిటెడ్ ఇన్ ద లాక్" అన్న వాక్యానికి మా పిల్ల "పడవ తాళంలో ఆగింది" అని రాసింది. పడవ తాళంలో ఎలా పడుతుందని ఒక్క క్షణం ఆగితే చాలు, ఆ అర్థం కుదరదని తెలిసిపోతుంది. తెలుగులో ఈ పని మనం ఆలోచించకుండానే చేస్తాం. "గుళ్లో తాళం వేస్తున్నాడు" అంటే తలుపుకా, భజనకా? రాత్రి తొమ్మిదింటికి పూజారి గురించైతే తలుపుకి. ఏకాదశి నాడు భజన బృందం గురించైతే చేతిలో ఉన్నవి ఇత్తడి తాళాలు.

తర్వాత, ఆ మాట వస్తువా, పనా చూడండి. "ద వీల్స్ లాక్డ్" అంటే చక్రాలకి ఎవరో తాళం వేశారని కాదు, అవి బిగుసుకుపోయాయని.

అసలు పని మూడోది: ఇన్ని అర్థాల కింద ఉన్న ఒక్క అర్థాన్ని వెతకడం. దీనికి లాకు దగ్గర నిలబడటం కంటే మంచి పాఠం లేదు. ధవళేశ్వరం ఆనకట్టతో (1847-52) పాటు కాటన్ దొర తలపెట్టిన కాలువలు అప్పట్లో పొలాలకే కాదు, పడవలకీ దారి. కాలువ మట్టం ఒకచోట ఉన్నట్టుండి దిగిపోతే పడవ దూకలేదు కదా. అందుకే అక్కడ అటో జత, ఇటో జత పెద్ద తలుపులు పెట్టి మధ్యలో తొట్టిలా కట్టారు. పైనుంచి వచ్చిన పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. తొట్టిలో నీళ్లు మెల్లగా కిందికి వదులుతుంటే వాటితోపాటు పడవా దిగుతుంది. నీళ్లు కింది మట్టానికి రాగానే ముందు తలుపులు తీస్తారు. ఎక్కే పడవకి ఇదే తిరగేసి. అంటే లాక్ అన్న మాటలో ఉన్నది మూసి ఉంచడం, బిగించడం. తాళం అందులో ఒకటి, అంతే.

ఇది పట్టుబడితే మిగతావి వాటంతటవే విడిపోతాయి. లాకప్ సరే. 2020లో మనల్నందరినీ ఇంట్లో కూర్చోబెట్టిన లాక్‌డౌనూ సరే. లాక్‌జా అంటే దవడలు బిగుసుకుపోయే ధనుర్వాతం. "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" మాత్రం కాస్త తికమక పెడుతుంది. ఆ మూడూ పాతకాలపు తుపాకీ భాగాలు. లాక్ అంటే మందు అంటించి పేల్చే యంత్రం. మూడూ కలిస్తే మొత్తం తుపాకీ కాబట్టి, సర్వం, మూటాముల్లెతో సహా అని అర్థం.

ఎంత లాగినా ఆ మూలార్థం అతకకపోతే? అప్పుడు అది వేరే మాటేమో అని అనుమానించండి. "ఎ లాక్ ఆఫ్ హెయిర్" అంటే జుట్టు పాయ. ఇది తాళం లాక్ కాదు. పాత ఇంగ్లీషులో రెండూ వేర్వేరు మాటలు, పోనుపోను స్పెల్లింగ్ ఒకటైపోయింది. పెద్ద డిక్షనరీల్లో ఒకే మాట రెండుసార్లు వచ్చి, పక్కన చిన్న అంకెలు 1, 2 అని ఉంటాయి చూడండి, అవి ఇలాంటివాటికే. మనవాళ్లు ఆ అంకెల్ని అచ్చుతప్పుల్లా దాటేస్తుంటారు.

చివరగా నోట్‌బుక్. అర్థాల జాబితా రాయకండి, పరీక్ష అయిన మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. అర్థానికో వాక్యం, మీరు చూసినదాని గురించి రాయండి.

మా పిల్ల అలాగే రాస్తోంది. గౌతమ మహర్షి గోదావరిని శివుడి జటల్లోంచి దించాడన్న కథ ఇంగ్లీషులో చదువుతూ, "మ్యాటెడ్ లాక్స్" దగ్గర ఆగింది. జడలు కట్టిన జుట్టు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ లాక్‌లోంచి వచ్చిన నీళ్లే ఈ లాకులోకి వస్తున్నాయా మావయ్యా?" అంది. ఆ వాక్యమూ నోట్‌బుక్‌లోకి ఎక్కింది.