మీటర్‌లో 12.4 అంటే ఏమిటి? మామూలు కారు, హైబ్రిడ్ కారు బ్యాటరీ వోల్టేజ్ చూసే పద్ధతి

మొన్న మార్చిలో విజయవాడ పటమటలో ఒక మాస్టారింటి నుంచి ఫోన్ వచ్చింది. డాలస్‌లో కూతురి దగ్గర నాలుగు నెలలు ఉండి దంపతులిద్దరూ తిరిగొచ్చారు. సెల్లార్‌లో పెట్టిన కారు రిమోట్‌కి పలకలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటార్‌తోనూ నడిచే కారు. కొని రెండేళ్లు. రిమోట్‌లో దాగి ఉండే తాళం చెవితో డోర్ తీసి, బానెట్ ఎత్తి, బ్యాటరీకి మీటర్ పెట్టాను. 3.8 వోల్ట్‌లు.

"వెళ్లే ముందు రోజు కూడా బందరు వెళ్లొచ్చామయ్యా, ఒక్కసారి సతాయించలేదు" అన్నారాయన. కాసేపాగి ఇంకో మాట అడిగారు: "ఇందులో పెద్ద బ్యాటరీ కూడా ఉందంటారు కదా, మరి అదేం చేస్తున్నట్టు?"

ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నాను. ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఆయనకు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. మామూలు కారు సంగతి తెలిస్తేనే హైబ్రిడ్ సంగతి అర్థమవుతుంది కాబట్టి అక్కడ మొదలుపెడతాను.

ముందు ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి. ఖరీదైనది అక్కర్లేదు. డయల్‌ని డీసీ వోల్ట్‌లలో 20 దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించాలి. వైరు మొనను ఆనించాల్సింది బ్యాటరీలోంచి పైకి వచ్చిన సీసపు పోస్టుకి. దాని మీద బిగించిన క్లాంపుకి కాదు. ఈ తేడా ఎంత ముఖ్యమో తర్వాత చెబుతాను.

12 వోల్ట్‌ల బ్యాటరీ అంటాం గానీ నిండుగా ఉన్న బ్యాటరీ 12 చూపించదు. లోపల ఆరు సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్ట్‌లు. ఆరూ కలిపితే 12.6. బండి ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టక ముందు చూస్తే 12.6, 12.7 ఉండాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు చార్జ్ ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12.0 దగ్గర మిగిలేది పావు వంతే. 11.9 కిందికి దిగితే ఖాళీ అనుకోవచ్చు. అంటే నిండుకీ ఖాళీకీ మధ్య తేడా ఒక్క వోల్ట్ కూడా లేదు. అందుకే "పన్నెండు ఉందిగా, బానే ఉంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధ. పన్నెండు ఉంటే బాగోలేదనే అర్థం.

సరిగ్గా 10.5 దగ్గర ఆగి, ఎంత చార్జ్ పెట్టినా పైకి రాకపోతే ఒక సెల్ షార్ట్ అయిందని అనుమానించండి. 12.6లోంచి ఒక 2.1 పోయిందన్నమాట. ఆ బ్యాటరీ మీద ఇక డబ్బు పెట్టకండి.

మూతలు తీసి డిస్టిల్ వాటర్ పోసే బ్యాటరీలకు ఇంకో లెక్క ఉంది. హైడ్రోమీటర్‌లో వచ్చిన ఆసిడ్ సాంద్రతకు 0.84 కలిపితే ఆ సెల్ వోల్టేజ్ వస్తుంది. 1.265 ఉంటే 2.105, దాన్ని ఆరుతో గుణిస్తే 12.63. మనలాంటి వేడి ప్రాంతాల కోసం ఆసిడ్‌ని కొంచెం పలచగా, 1.240 దగ్గర నింపే పద్ధతి ఉంది. పలచని ఆసిడ్ వేడిలో ప్లేట్లని తక్కువ తింటుంది. అలాంటి బ్యాటరీ నిండుగా ఉన్నా 12.5 దాటదు. కాబట్టి పాత రకం ఫ్లడెడ్ బ్యాటరీ 12.5 చూపిస్తే వెంటనే తప్పు పట్టకండి. ఏజీఎం రకమైతే, అంటే ఆసిడ్‌ని గాజు నార మ్యాట్‌లో పీల్చి ఉంచే రకమైతే, నిండుగా ఉన్నప్పుడు 12.8 పైన కూడా ఉంటుంది, దానికి 12.5 అంటే తక్కువే. మీ బ్యాటరీ ఏ రకమో పై స్టిక్కర్ మీద చూడండి.

బండి ఆపిన వెంటనే మాత్రం కొలవొద్దు. ప్లేట్ల పైపైన చేరిన చార్జ్ వల్ల 13 దాకా చూపిస్తుంది, అది అసలు బలం కాదు. రాత్రంతా ఆగే వీల్లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, పది నిమిషాలు ఆగి చూడండి.

ఇది నిలకడ వోల్టేజ్. మామూలు కారులో దీనికన్నా నిజం చెప్పేది సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టేజ్. మీటర్ పెట్టి ఉంచి ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. మంచి బ్యాటరీ 10కి పైనే నిలుస్తుంది. 9.6 కిందికి పడితే దాని రోజులు దగ్గర పడ్డాయి. ప్లేట్లు అరిగిన బ్యాటరీ నిలకడలో 12.6 చూపించి, సెల్ఫ్ బరువు పడగానే 8కి కూలిపోతుంది. మన మే నెల ఎండల్లో ఇంజన్ వేడికి లోపల ప్లేట్లు దెబ్బతింటాయి. అప్పుడు వేడికి ఇంజన్ తేలిగ్గా తిరిగేస్తుంది కాబట్టి ఆ సంగతి బయటపడదు. డిసెంబర్ పొద్దుల్లో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరిగినప్పుడు తెలుస్తుంది.

మూడోది ఇంజన్ నడుస్తుండగా. డైనమో, అదే ఆల్టర్నేటర్, 13.8 నుంచి 14.7 దాకా ఇవ్వాలి. 15 దాటి అక్కడే ఉంటే కటౌట్, అంటే వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్, పోయిందని అనుమానం, బ్యాటరీలో నీళ్లు గ్యాసుగా మారి తగ్గిపోతాయి. అయితే ఈమధ్య వచ్చే కార్లలో డైనమోని కంప్యూటర్ నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజన్ నడుస్తున్నా 12.8 చూపించవచ్చు. అది చూసి డైనమో విప్పేయకండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి, పైకి లేస్తుంది.

క్లాంపు సంగతి చెబుతానన్నాను. పోస్టు మీద కొలిస్తే బ్యాటరీ సంగతి ఒక్కటే తెలుస్తుంది, అతుకుల్లో వైర్లలో ఉన్న లోపం దానితో కలిసిపోదు. గుడివాడ నుంచి ఒకాయన డీజిల్ కారు తెచ్చారు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్పించారట, అయినా సెల్ఫ్ మూలుగుతోంది. నిలకడ 12.6, సెల్ఫ్ కొట్టేటప్పుడు పోస్టుల మీద 11.2. ఇంత మంచి బ్యాటరీ ఉంటే సెల్ఫ్ ఎందుకు తిరగదు? మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకో మొన ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. 1.9 వోల్ట్‌లు. అక్కడ 0.3 దాటకూడదు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ లోపల పచ్చగా చిలుమెక్కి ఉంది. పట్టీ మార్చి, ఆనే చోట ఎమెరీ కాగితంతో రుద్దితే బండి ఒక్క తిప్పుకి అందుకుంది. రెండు బ్యాటరీల డబ్బు వృథాగా పోయింది. బ్యాటరీ కొనే ముందు ఈ పరీక్ష ఒక్కటి చేయించండి, మీకు చేతులు జోడించి చెబుతున్నాను.

ఇక మాస్టారు అడిగిన ప్రశ్న.

హైబ్రిడ్‌లో రెండు బ్యాటరీలుంటాయి. కారుని లాగేది పెద్దది. 2010లో మన దేశంలో అమ్మకానికొచ్చిన ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు, ఒక్కోటి 7.2 వోల్ట్‌లు, మొత్తం 201.6. దాన్నుంచి వచ్చే నారింజ రంగు కేబుళ్ల జోలికి మీరూ నేనూ వెళ్లకూడదు. దానికి ప్రత్యేక శిక్షణ, 1000 వోల్ట్‌లకు తట్టుకునే గ్లవుజులు కావాలి. మామూలు మల్టీమీటర్‌తో దాన్ని కొలవాలని ఎప్పుడూ అనుకోకండి.

బండి ఆఫ్ చేయగానే భద్రత కోసం ఆ పెద్ద బ్యాటరీని రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, కారు నుంచి విడదీసేస్తాయి. మళ్లీ కలపాలంటే కంప్యూటర్ మేల్కోవాలి, రిలేలు పడాలి. ఆ రెంటికీ కరెంటు ఇచ్చేది చిన్న 12 వోల్ట్‌ల బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తలుపు వేసిన గదిలో ఉన్నట్టే. మాస్టారి కారులో జరిగింది అదే.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో చాలావాటికి విడిగా సెల్ఫ్ ఉండదు, డైనమో ఉండదు. ఇంజన్‌ని పెద్ద బ్యాటరీ కరెంటుతో మోటార్ తిప్పుతుంది. చిన్న బ్యాటరీని, పెద్ద బ్యాటరీ వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చే డీసీ కన్వర్టర్ నింపుతుంది. అందువల్ల ఆ చిన్న బ్యాటరీ మీద సెల్ఫ్ కొట్టే బరువు ఎప్పుడూ పడదు. మామూలు కారులో బ్యాటరీ ముసలిదైతే సెల్ఫ్ నీరసంగా తిరిగి వారం ముందే చెబుతుంది. హైబ్రిడ్‌లో ఆ హెచ్చరిక రాదు. నిన్న బానే ఉంటుంది, ఇవాళ డోర్ తెరుచుకోదు. కాబట్టి నెలకోసారి మీటర్ పెట్టి మీరే చూసుకోవాలి.

ఎలా అంటే, బానెట్ గానీ డిక్కీ గానీ తీసి, బ్యాటరీ ఎక్కడుందో చూసి, డోర్లు మూసి, తాళం దూరంగా ఇంట్లో పెట్టి అరగంట ఆగండి. డోర్ తీయగానే కంప్యూటర్లు లేచి కరెంటు తాగుతాయి, అప్పుడు కొలిస్తే 12.2 కనిపించి కంగారుపడతారు. సద్దుమణిగాక 12.6 పైన ఉండాలి. సెల్ఫ్ పరీక్ష లేదు కాబట్టి నేను ఇంకోటి చేస్తాను: బ్రేక్ తొక్కకుండా పవర్ బటన్ నొక్కి ఆన్‌లో పెట్టి, హెడ్‌లైట్లు వేసి రెండు నిమిషాలు మీటర్ చూస్తాను. మంచిదైతే 12 పైన నిలబడుతుంది. 11.5కి జారుతూ పోతే మార్చాల్సిందే. తర్వాత బ్రేక్ తొక్కి బటన్ నొక్కి రెడీలోకి, అంటే కారు కదలడానికి సిద్ధంగా ఉండే స్థితిలోకి, తెస్తే మీటర్ 14 దగ్గరికి ఎగరాలి. ఎగరకపోతే కన్వర్టర్ వైపు తేడా, అది శిక్షణ ఉన్న సర్వీస్ సెంటర్ పని.

పాటలు వింటూ రెడీ లేకుండా ఆన్‌లో కూర్చోవడం హైబ్రిడ్‌లో మంచి అలవాటు కాదు, చిన్న బ్యాటరీ తాగేస్తుంది. రెడీ దీపం వెలిగితేనే అది నిండుతుంది.

బ్యాటరీ డౌన్ అయితే 12 వోల్ట్‌లు బయటి నుంచి ఇవ్వొచ్చు, మాన్యువల్‌లో చెప్పిన టెర్మినల్‌కే. ఎర్ర కేబుల్ ప్లస్‌కి, నల్లది ఇంజన్ ఇనుముకో బాడీ ఎర్త్‌కో. ప్లస్, మైనస్ తారుమారైతే కారు మోటార్‌కి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ దాకా దెబ్బ తగలొచ్చు, ఆ ఖర్చు ఊహించలేం. మీ హైబ్రిడ్‌తో పక్కవాళ్ల డీజిల్ బండిని స్టార్ట్ చేయించకండి, అంత కరెంటు ఇవ్వడానికి ఆ చిన్న బ్యాటరీ, కన్వర్టర్ పుట్టలేదు. కొత్తది వేసేటప్పుడు, బ్యాటరీ కారు లోపల ఉండే రకమైతే గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉన్నదే వేయించండి.

అమెరికాకో, ఊరికో నెలల తరబడి వెళ్లేవాళ్లు ఈ లెక్క చూడండి. ఆపిన కారు కూడా సుమారు 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటుంది అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ యాభై రోజులు తిరక్కుండానే ఖాళీ. డ్యాష్ కెమెరా, ట్రాకర్ తగిలించి 100 మిల్లీ ఆంపియర్లైతే రెండు వారాలు. మాస్టారి కారులో ట్రాకర్ ఉంది. వెళ్లే ముందు 10 నంబర్ స్పానర్‌తో మైనస్ విప్పి గుడ్డ చుట్టేయండి. బ్యాటరీ డిక్కీలో ఉంటే, విప్పాక డిక్కీ మూసే ముందు కరెంటు లేకుండా దాన్ని ఎలా తీయాలో మాన్యువల్‌లో చదవండి. లేదా నమ్మకమైన మనిషి చేత వారానికోసారి గంటసేపు రెడీలో పెట్టించండి, సెల్లార్‌లో మాత్రం కాదు, మధ్యలో ఇంజన్ లేచి పొగ వదులుతుంది. పెద్ద బ్యాటరీ కూడా నెమ్మదిగా దిగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి అరగంట నడిపించడం అవసరం.

మాస్టారి బ్యాటరీని షాపుకి తెచ్చి తక్కువ కరెంటు మీద రాత్రంతా చార్జ్ పెట్టాను. పొద్దున 12.7 చూపించింది. సాయంత్రానికి 11.9కి జారింది. కొత్తది వేశాం, ఆయనకొక మీటర్ కూడా కొనిపించాను. ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖున సెల్లార్‌లో కొలిచి ఫోటో పంపుతారు. ఈ నెల 12.71.