దక్కనీ సూక్ష్మచిత్రాన్ని పాత పద్ధతిలో వేయడం ఎలా?

1687లో గోల్కొండ మొగలుల వశమైనా, కుతుబ్ షాహీల నీడలో ఎదిగిన దక్కనీ సూక్ష్మచిత్రకళ, అంటే చిన్న కాగితంపై సన్నని గీతలతో బొమ్మలు వేసే కళ, హైదరాబాదులో కొనసాగింది. ఆ చిత్రాలను సాలార్‌జంగ్ మ్యూజియం భద్రంగా కాపాడుతోంది. వాటిని వేసే తీరు మాత్రం వేసే చేతుల్లోనే నిలవాలి. ఓపిక ఉన్నవారెవరైనా ఆ తీరును ఇంట్లోనే సాధన చేయవచ్చు.

మొదట ఒక్క మనిషో, ఒక్క పూలమొక్కో ఉన్న పాత చిత్రాన్ని ఎంచుకుని, దాని గీతలు కంఠస్థమైనట్లు తోచేదాకా చూడండి.

తరువాత వస్లీ అనే దళసరి కాగితాన్ని సిద్ధం చేసుకోవాలి. చేతితో చేసిన పలుచని కాగితాలను మూడు నాలుగు పొరలుగా మైదా గంజితో అతికించి, గాలిబుడగలు లేకుండా అదిమి, బరువు కింద ఆరబెట్టండి. పురుగు పట్టకుండా పూర్వం గంజిలో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కనుక, కలిపితే ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు. ఆరిన కాగితాన్ని నున్నని అగేటు రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దాలి.

బొమ్మను సన్నగా గీసి, పైన తెల్లరంగు పలుచగా పూసి, లీలగా కనిపించే గీతలను సరిదిద్దుకుంటూ మళ్ళీ గీయండి.

రంగుల విషయంలో జాగ్రత్త అవసరం. ఎరుపునిచ్చే ఇంగిలీకంలో పాదరసం, పసుపునిచ్చే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి కాబట్టి వాటిని ఇంట్లో నూరవద్దు. కావిరాయి, నీలిమందు, దీపపు మసి, జింకు తెలుపు ఆరంభానికి చాలు. వీటిని తుమ్మ జిగురు నీళ్ళతో మెత్తగా నూరి, విడి కాగితంపై పూసి చూడండి. ఆరాక వేలికి అంటితే జిగురు తక్కువైనట్లు, పగుళ్ళిస్తే ఎక్కువైనట్లు.

రంగును ఒకేసారి దట్టంగా కాక, పలుచని పూతలుగా వేయాలి. పూతలు పూర్తిగా ఆరాక చిత్రాన్ని గాజుపలకపై బోర్లించి, వెనుకవైపు అగేటు రాయితో నెమ్మదిగా రుద్దండి. తిప్పి చూస్తే, అంతవరకు సుద్దలా పొడిబారి ఉన్న నీలం కాగితంలోంచే పుట్టినట్లు నిగనిగలాడుతుంది. తొందరలో ఈ పనిని వదిలేసేవారున్నారు, కానీ సూక్ష్మచిత్రానికి ప్రాణం ఇక్కడే వస్తుందని నా నమ్మకం.

ముఖం చివర వేయండి. పూర్వం ఉడుత తోక వెంట్రుకల కుంచె వాడేవారు. నేడు సన్నని సింథటిక్ కుంచె సరిపోతుంది. కనురెప్ప గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, ఒకే విసురులో గీయాలి. దక్కనీ చిత్రకారులు మక్కువతో వాడిన బంగారాన్ని అన్నీ అయ్యాక అద్ది, ఆరిన తరువాత రాయితో మెరుగు పెట్టండి.

పూర్తయిన చిత్రం వెనుక మూలచిత్రం ఏదో, అది ఎక్కడుందో, మీరు ఏ రంగులు వాడారో, ఏ తేదీన ముగించారో తప్పక రాయండి. అలా రాస్తే నకలును ఎవరూ పాతదిగా చలామణి చేయలేరు, తరువాత నేర్చుకునేవారు అదే రంగులతో మళ్ళీ మొదలుపెట్టగలరు.