ఒకే ఈత కుక్కపిల్లలు రెండు తెచ్చుకున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"రెండూ తీసుకోండి సార్, ఒకదానికొకటి తోడుంటాయి. రేటు కూడా చూసి ఇస్తా." కుక్కపిల్లలు అమ్మేవాళ్ల నోట ఈ మాట మామూలే. ఇంట్లో పిల్లలిద్దరికీ చెరొకటి అవుతుంది కదా అని మనమూ సరేనంటాం. మొదటి నెల ముచ్చటగానే గడుస్తుంది. ఆ తర్వాత మొదలయ్యే చిక్కుల్లో కొన్ని వాటి స్వభావానికి సంబంధించినవి. తెచ్చింది ఒక మగ, ఒక ఆడ అయితే అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో ఏది కనిపిస్తోందో అక్కడి నుంచి చదువుకోండి.

పేరు పెట్టి పిలిస్తే పలకవు. ఒకటి కనిపించకపోతే రెండోది ఇల్లు పీకి పందిరేస్తుంది

కారణం: మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్లకు చాలా కీలకమైన కాలం. ఎవరు తనవాళ్లు, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఎక్కువగా అప్పుడే నేర్చుకుంటుంది. ఆ వయసులో ఇరవై నాలుగు గంటలూ తోబుట్టువు పక్కనే ఉంటే దానికి మనతో పనేముంది? గిన్నెలో పెరుగన్నం పెట్టే మనుషులుగా మిగిలిపోతాం. ట్రైనర్లు దీన్ని లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అంటారు. ఇది జబ్బు కాదు, ప్రతి జతకూ వస్తుందనీ లేదు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన పిల్లల్లోనూ, వయసు దగ్గరదగ్గరగా ఉంటే, ఇది కనిపిస్తుంది.

పేరుకు పలకకపోవడంలో మన తప్పు కూడా ఉంది. "టామీ జిమ్మీ" అని ఒకే ఊపున పిలుస్తాం, రెండూ పరుగెత్తుకొస్తాయి, మనకు ఆనందం. ఏ పేరు దేనిదో వాటికి తెలిసేదెప్పుడు?

పరిష్కారం: రోజూ కొంతసేపు వాటిని ఒంటికుక్కలుగా పెంచాలి. ఒకదాన్ని గదిలో ఉంచి రెండోదాన్ని హాల్లోకి తీసుకురండి. పేరు ఒక్కసారే పిలవండి. తల తిప్పిన క్షణంలో ఉడికించిన చికెన్ ముక్క, గోరంత, నోటికి అందించండి. ఐదు నిమిషాలు చాలు, తర్వాత రెండోదాని వంతు. రోజుకు మూడుసార్లు ఇలా చేయాలి. వాకింగ్ కూడా విడివిడిగానే. అంటే పని రెట్టింపు. రెండు పిల్లలు తెచ్చేటప్పుడు అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇదే.

రాత్రి పడక వేరు చేయడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. రెండు క్రేట్లు (కుక్క పడుకునే బోనులు) ఆనించి పెట్టి, రోజుకు జానెడు చొప్పున జరుపుతూ పోండి. పగలు ఎడబాటు రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అరుపు ఆగిన సందు చూసి తలుపు తీయండి. అరుస్తుంటే తీశారా, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్పినట్టే. అయితే చొంగ కారుస్తూ, గోళ్లు విరిగేలా తలుపు గీకుతుంటే అది మారాం కాదు, నిజమైన భయం. అప్పుడు రెండు నిమిషాలను అర నిమిషానికి తగ్గించాలి.

బయటికి తీసుకెళ్తే ఒకటి ధీమాగా నడుస్తుంది, రెండోది దాని వెనకే నక్కుతుంది

ధైర్యమున్నది ముందు నడుస్తుంటే పిరికిది తన ధైర్యం తాను కూడగట్టుకోదు. పిరికిదాన్ని ఒంటరిగా, రద్దీ లేని వేళ, తెల్లవారుజామున తిప్పండి. ఆటో, స్కూటర్, గొడుగు పట్టుకున్న మనిషి, ఇలా ఏది చూసి బెదిరితే దానికి దూరంగా నిలబడి తినిపించండి. లాక్కెళ్లొద్దు.

ఏడాది దాటాక రక్తం వచ్చేలా కొట్టుకుంటున్నాయి

కారణం: ఏడాది నుంచి మూడేళ్ల మధ్యలో కుక్క మానసికంగా పెద్దదవుతుంది. అప్పటిదాకా కలిసి తిన్నవే గిన్నె దగ్గర, గేటు దగ్గర, మీరు ఆఫీసు నుంచి రాగానే గుమ్మం దగ్గర పోటీ పడతాయి. ఒకే లింగమైతే ముప్పు ఎక్కువ, అందులోనూ రెండూ ఆడవైతే మరీ. మగవే కొట్టుకుంటాయని మనవాళ్ల నమ్మకం. ఇంట్లో కలిసి పెరిగే కుక్కల విషయంలో అది తరచూ తప్పుతుంది.

పరిష్కారం: తిండి వేర్వేరు గదుల్లో, తలుపు వేసి పెట్టండి. బొమికలు ఇద్దరి మధ్యలో వేయొద్దు. కొట్టుకుంటుంటే కాలర్ పట్టుకోవడానికి చెయ్యి పెట్టకండి. మీ చేతికి పడే కాట్లు ఎక్కువగా అలాగే పడతాయి. బకెట్ నీళ్లు కుమ్మరించడం, మందపాటి దుప్పటి కప్పడం, మధ్యలో కుర్చీ తోయడం మేలు. మనిషికి పన్ను దిగితే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఇంటి కుక్కేలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి మొదలైన కొట్లాటకు ఒక్కోసారి చెవి నొప్పో, కాలి నొప్పో కారణమవుతుంది కాబట్టి కుక్కలను పశువుల డాక్టరుకు చూపించండి. ఇంత చేసినా మళ్లీ మళ్లీ రక్తాలు కారుతుంటే ఒకదానికి మంచి ఇల్లు వెతకడం తప్పు కాదు. నా దృష్టిలో ఒకదాన్ని జీవితమంతా గొలుసుకు కట్టి ఉంచడం కన్నా అదే నయం.

ఆడది హీట్‌కి వచ్చింది, మగది అన్నం మానేసింది

"అన్నాచెల్లెళ్లే కదా, ఏమీ కాదులే" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్కలకు వావివరసలు ఉండవు. ఆడది సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటిసారి ఎదకు వస్తుంది. మగదానికి కూడా ఆరు నెలలు దాటితే చాలు. మనకు ఇంకా పిల్లలుగా కనిపించే వయసులోనే అంతా జరిగిపోతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే. హీట్ దాదాపు మూడు వారాలు ఉంటుంది. మొదటి వారం రక్తం బాగా కనిపిస్తుంది, మనమూ జాగ్రత్తగానే ఉంటాం. రెండో వారంలో అది పలచబడి లేత రంగుకు తిరుగుతుంది. గండం గడిచిందనుకుని తలుపు తీస్తాం. నిజానికి చూలు కట్టే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే.

పరిష్కారం: మూడు, నాలుగు వారాలు మగదాన్ని బంధువుల ఇంటికి పంపగలిగితే అంతకు మించినది లేదు. కుదరకపోతే మధ్యలో రెండు తలుపులు ఉండాలి. గ్రిల్ ఒక్కటే చాలదు, డైపర్ అసలు అడ్డే కాదు. శాశ్వతంగా కావాలంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. పెద్ద జాతుల్లో కొంత ఆలస్యంగా చేయమని డాక్టర్లు చెప్పడం ఉంది, కాబట్టి ఈలోపు వచ్చే హీట్‌కు ముందే ఏర్పాటు చూసుకోండి. మగదానికి ఆపరేషన్ అయిన మర్నాడే నిశ్చింత పడొద్దు, కొన్ని వారాల పాటు ఆడదానికి చూలు కట్టే అవకాశం మిగిలే ఉంటుంది. ఒక్కసారి ఈనితే ఆడదానికి ఆరోగ్యం అనే మాటకు ఆధారం లేదు.

ఇప్పటికే జరిగిపోయిందా? ముడిపడి ఉంటే లాగొద్దు, నీళ్లు పోయొద్దు, రెండింటికీ గాయమవుతుంది. పావుగంట, అరగంటలో వాటంతట అవే విడిపోతాయి. తేదీ రాసి పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. గర్భం నిలవకుండా ఇంజెక్షన్లు ఉన్నాయి, ఆపరేషన్ కూడా ఒక దారి. నాలుగు వారాలకు స్కానింగ్‌లో తెలిసిపోతుంది, ఈనడానికి సుమారు 63 రోజులు. మెడికల్ షాపులో మనుషుల మాత్రలు కొని మాత్రం వేయకండి.

పిల్లలు తక్కువ పుట్టాయి, రెండు చనిపోయాయి, మిగిలినవి నీరసంగా ఉన్నాయి

ప్రతి ప్రాణిలోనూ కొన్ని చెడ్డ జన్యువులు దాగి ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి అదే ఇంకొకటి కలిస్తేనే జబ్బు బయటపడుతుంది. బయటి సంబంధమైతే రెండూ కలవడం అరుదు. ఇక్కడ లెక్క మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య మేనరికంలో పుట్టే బిడ్డకు ఈ రక్తసంబంధపు కొలత, అంటే ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చే అవకాశం, 6.25 శాతం. మేనమామ, మేనకోడలైతే 12.5. తోబుట్టువు కుక్కలను, లేదా తండ్రీకూతుళ్లను కలిపితే 25. బ్రిటన్‌లోని కుక్కల వంశాలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ 2009 నుంచి ఇలాంటి దగ్గరి కలయికల పిల్లలను రిజిస్టర్ చేయడం ఆపేసింది.

ఏం గమనించాలి? లాబ్రడార్ చీకట్లో గుమ్మానికి తగులుకుంటుంటే రెటీనా జబ్బు కావచ్చు. బంతి వెంట నాలుగు పరుగులు తీయగానే వెనక కాళ్లు చచ్చుబడితే అదీ వారసత్వపు జబ్బే కావచ్చు. పామేరియన్ నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి గెంతితే మోకాలి చిప్ప జారుతోందేమో చూపించాలి. మగపిల్లల్లో ఒక వృషణం దిగకపోవడం కూడా వంశంలో వచ్చేదే.

పుట్టాక జన్యువులను మార్చలేం. నీరసంగా ఉన్నవాటిని వెచ్చగా ఉంచి, రోజూ తూకం వేసి, బరువు పెరగకపోతే వెంటనే డాక్టరుకు చూపించడమే. వాటిని ఎవరికైనా ఇస్తే అమ్మానాన్నలు తోబుట్టువులని చెప్పి ఇవ్వండి, క్రాసింగ్‌కు వాడొద్దనీ చెప్పండి. పేపర్లు (వంశావళి పత్రాలు) ఉన్నాయి కదా అని భరోసా పడేవాళ్లకు ఒక మాట: పేపర్లు వంశాన్ని చూపిస్తాయే గానీ ఆరోగ్యాన్ని కాదు. తండ్రి వైపు, తల్లి వైపు తాతముత్తాతల పేర్లు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే పేరు రెండు వైపులా వస్తే దగ్గరి సంబంధమే.

ఇంకా తేలేదు, కానీ రెండు కుక్కలు కావాలి

ఇప్పుడు ఒకటే తెచ్చుకోండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం మన దేశంలో 2017 నియమాల ప్రకారం కుదరదు, ఇస్తామన్నా తీసుకోవద్దు. మొదటిదానికి ఏడాదిన్నర వచ్చి, మాట వినడం నేర్చాక, వేరే వంశం నుంచి రెండోదాన్ని తేవచ్చు. మొదటిదానికి ఆపరేషన్ అయిపోయి, రెండోది ఎదురు లింగమైతే పొత్తు తేలిక. మొదటి పరిచయం ఇంట్లో వద్దు. రెండింటికీ కొత్తయిన ఖాళీ స్థలంలో, లీష్‌లు వదులుగా పట్టుకుని, పక్కపక్కన నడిపించి ఆ తర్వాత ఇంటికి తీసుకురండి. వ్యాక్సిన్లు పూర్తికాని పిల్ల అయితే వీధికుక్కలు తిరగని చోటు చూసుకోండి, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది.