గోడలో తేనెపట్టు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

తేనెటీగల గురించి ఫోన్ చేసేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "వచ్చి మందు కొట్టేస్తారా?" పెస్ట్ కంట్రోల్ పనిలో ఉన్న మనకి సరే అనడం తేలికే. కానీ ఈగలు చచ్చాక కూడా గోడలో మైనం, తేనె, పిల్లపురుగులు మిగిలిపోతాయి. ఇంటివాళ్లకి అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. అందుకే మందు డబ్బా తీసే ముందు పట్టు ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో తేల్చుకోవాలి.

ఈగలు గుత్తిగా వేలాడుతున్నాయి, పట్టు కనిపించడం లేదు

ఇది గుంపు. పాత పట్టు ఇరుకై, రాణితో పాటు చాలా ఈగలు బయటికొచ్చి కొత్త చోటు వెతుక్కుంటున్నాయి. కాపాడుకోవడానికి పిల్లలూ తేనే లేవు కాబట్టి కదిలించకపోతే సాధారణంగా కుట్టవు. కొన్ని గంటల్లోనో కొద్ది రోజుల్లోనో వాటంతట అవే లేచిపోతాయి. మందు కొట్టొద్దు. తేనెటీగల పెంపకందారుకి కబురు చేస్తే పెట్టెలోకి దించుకుని తీసుకెళ్తారు. ఈలోగా ఆ భవనం గోడల్లో, చూరు కింద ఉన్న కన్నాలు మూయించండి.

గోడ కన్నంలోకి వచ్చిపోతున్నాయి

కాసేపు పక్కగా నిలబడి లోపలికి దూరే ఈగల వెనక కాళ్లు చూడండి. పసుపు, నారింజ రంగు పుప్పొడి ముద్దలు కనిపిస్తే లోపల పిల్లల్ని పెంచుతున్నాయి, అంటే పట్టు కట్టేశాయి. ముద్దలేమీ లేకుండా కన్నం చుట్టూ తచ్చాడుతూ, దూరినవి వెంటనే బయటికొస్తుంటే చోటు చూసుకోవడానికి వచ్చినవి కావచ్చు. అలాంటివైతే చీకటిపడి అన్నీ వెళ్లిపోయాక కన్నం మూస్తే సరిపోతుంది.

పట్టు సరిగ్గా కన్నం వెనకే ఉంటుందన్న నమ్మకం లేదు. పిల్లలున్న భాగాన్ని ఈగలు 34-36 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతాయి కాబట్టి, పల్చటి పలకల గోడైతే లోపలివైపు నుంచి చేతి వెనక భాగం ఆనించి జరుపుతూ పోతే వెచ్చటి చోటు తెలుస్తుంది. థర్మల్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. రాత్రిపూట స్టెతస్కోప్ పెట్టి గోడ మీద వేలితో ఒకసారి తట్టండి. బతికున్న పట్టయితే ఒక్కసారిగా బుస్సుమని మళ్లీ సద్దుమణుగుతుంది.

పక్కా పరిష్కారం గోడ తెరిచి పట్టు మొత్తం తీయడమే. ముందు ఆ గోడలో కరెంటు ఆపేయాలి. పొగ డబ్బాతో పొగ పెట్టి, అట్టల్ని (తేనె, పిల్లలు ఉండే మైనం పలకల్ని) ఒక్కొక్కటిగా పైనుంచి కోయాలి. పిల్లలున్న అట్టల్ని గోడలో ఉన్న దిశలోనే చట్రాల్లో పెట్టి దారంతో కట్టి పెట్టెలోకి చేర్చాలి. తేనె అట్టలు మాత్రం మూత ఉన్న బకెట్లోకి వెళ్లాలి, లేదంటే కారే తేనెలో ఈగలు మునిగి చస్తాయి. పెట్టె గుమ్మం దగ్గర ఈగలు పొట్ట పైకెత్తి రెక్కలాడిస్తూ నిలబడ్డాయంటే రాణి లోపలికి చేరిందనడానికి మంచి గుర్తు. అది చూశాక మిగతా పని నెమ్మదిగా నడుస్తుంది.

గోడ తెరవడానికి వీల్లేకపోతే కన్నానికి వైర్ మెష్ శంఖాన్ని బిగించాలి. వెడల్పు వైపు గోడకి, ఈగ పట్టేంత సన్నటి మొన బయటికి ఉండాలి. బయటికొచ్చిన ఈగలకి తిరిగి దారి దొరకదు, పక్కనే పెట్టిన పెట్టెలో చేరతాయి. గుడ్డు నుంచి కూలీ ఈగ బయటపడడానికి 21 రోజులు పడుతుంది కాబట్టి ఇది వారాల పని. రాణి సాధారణంగా బయటికి రాదు, తేనె కూడా లోపలే ఉంటుంది. ఇవన్నీ ఇంటివాళ్లకి ముందే చెప్పాలి.

ఇంట్లోకి, లైట్ల చుట్టూ ఈగలు వస్తున్నాయి

ఎవరో బయటి కన్నం మూసేసి ఉంటారు, లేదా అందులోకి స్ప్రే కొట్టి ఉంటారు. బయటి దారి పోయాక ఈగలు వెలుతురు వైపు వెళ్తాయి: స్విచ్ బోర్డులు, లైటు చుట్టూ ఉన్న సందులు. వెంటనే బయటి కన్నం తెరవండి. గదిలో లైట్లు ఆర్పి ఒక్క కిటికీ తెరిచి ఉంచితే ఉన్నవి అటే పోతాయి. లోపలి సందులకి టేపు వేయండి.

మందు కొట్టించాక గోడ మీద మరక, కుళ్లు వాసన

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే పూర్తిగా తప్పించుకోగలిగిన నష్టం. బతికున్నప్పుడు ఈగలు రెక్కలతో విసురుతూ పట్టుని చల్లగా ఉంచుతాయి. అవి చచ్చాక ఆ పని చేసే దిక్కు లేదు. మైనం కరగడానికి 62 డిగ్రీల పైనే కావాలి గానీ, అంతకు చాలా ముందే మెత్తబడి తేనె బరువుకి అట్టలు తెగిపడతాయి. తేనె కారి పూతలోకి దిగుతుంది, తేమ పీల్చి పులుస్తుంది. చచ్చిన ఈగలు, పిల్లపురుగులు కుళ్లుతాయి. ఆ వెనకే చీమలు, మైనం తినే చిమ్మటలు, ఎలుకలు. ఇంకో ప్రమాదం కూడా ఉంది: చుట్టుపక్కల పట్టుల ఈగలు వచ్చి మందు తగిలిన తేనెని మోసుకుపోతాయి.

గోడ తెరవాల్సిందే. మెత్తబడిన పూత, తడిసిన పలకలు తీసేసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తేనె ఎవరూ తినకూడదు, తీసిన అట్టల్ని ఆరుబయట పడేయకూడదు. ఇవాళ తెరవలేకపోతే ఇతర ఈగలు దూరకుండా ప్రతి సందూ మూయాలి.

ఎత్తున ఒకే పెద్ద అట్ట ఆరుబయట వేలాడుతోంది

ఇవి ఆసియాలో కనిపించే పెద్ద తేనెటీగలు, గోడ లోపల కట్టవు. గుంపుగా తరిమి కుడతాయి. రాళ్లు, మంట, పగటిపూట స్ప్రే, ఏదీ వద్దు. కింద దారి మూసి, వాటితో అనుభవమున్నవాళ్లకే అప్పగించండి. కాలం మారితే వలసపోతాయి కాబట్టి ఎవరికీ అడ్డం లేని చోటైతే వదిలేయడమే మేలు.

పని మధ్యలో ఈగలు రెచ్చిపోయాయి

మాగిన అరటిపండు వాసన వస్తే అది ఈగల హెచ్చరిక వాసన. నిచ్చెన దిగి, ముఖం కప్పుకుని మూసిన గదిలోకి వెళ్లండి. ముల్లు ఎలాగైనా సరే వెంటనే తీయడమే ముఖ్యం. ఊపిరాడకపోవడం, ముఖమో నాలుకో వాయడం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అడ్రినలిన్ ఇంజెక్షన్ అవసరమవుతుంది.

తీసేసిన చోటికే మళ్లీ వచ్చాయి

మర్నాడే కొన్ని ఈగలు పాత కన్నం దగ్గర ముద్దగా కనిపిస్తే కంగారొద్దు. మేతకి వెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చినవి అవి, కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. నెలల తర్వాత కొత్త గుంపు వచ్చిందంటే లోపల మైనం వాసన మిగిలిందని అర్థం. ఖాళీని గీకి, రంగు వేసి, ఇన్సులేషన్‌తో నింపి, 3 మిల్లీమీటర్లు దాటిన ప్రతి సందునీ మూయాలి. గాలి ఆడాల్సిన చోట సన్నటి మెష్ వేయండి.