పల్మనరీ ఎంబాలిజం అనుమానం: సీటీకి పంపే ముందు వెల్స్ స్కోరు వేయడం ఎలా

ఆయాసంతోనో ఛాతీనొప్పితోనో క్యాజువాలిటీకి వచ్చిన రోగిని చూసి పల్మనరీ ఎంబాలిజం, అంటే ఊపిరితిత్తుల ధమనికి రక్తపు గడ్డ అడ్డుపడడం, అని అనుమానించడం తేలికే కాని తేల్చడం కష్టం. అవే లక్షణాలు న్యుమోనియాలోనూ గుండెజబ్బులోనూ కనిపిస్తాయి. కాబట్టి జబ్బు ఉండే అవకాశం ఎంతో ముందుగా అంచనా వేసి, పరీక్షలు పంపకముందే ఆ అంకెను కేసు షీటులో రాయాలి. డి-డైమర్ (గడ్డ కరిగేటప్పుడు రక్తంలో చేరే ప్రోటీన్ ముక్కలను కొలిచే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చాక వేసిన స్కోరు, రిపోర్టుకు తగ్గట్టు సర్దిన లెక్కే అవుతుంది.

అన్నిటికంటే ముందు బీపీ చూడాలి. పై అంకె 90 కంటే తక్కువగా ఉండి రోగి షాకులో ఉంటే స్కోర్లతో పని లేదు. మంచం దగ్గరే ఎకో తీసి, గుండె కుడి జఠరిక ఉబ్బిందేమో చూసి, వెంటనే సీనియర్ డాక్టరును పిలవాలి.

నిలకడగా ఉన్న రోగికి కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ బృందం రూపొందించిన స్కోరు వాడవచ్చు. కాలి సిరలో గడ్డ లక్షణాలుంటే 3, మరే జబ్బుకంటే ఎంబాలిజమే ఎక్కువ సబబుగా తోస్తే 3, నాడి నిమిషానికి 100 దాటితే 1.5, మూడు రోజులకు తగ్గకుండా మంచాన పడి ఉన్నా నాలుగు వారాలలోపు ఆపరేషన్ జరిగినా 1.5, ఇదివరకు ఇలాంటి గడ్డ కట్టి ఉంటే 1.5, దగ్గులో రక్తం పడితే 1, క్యాన్సర్ ఉండి ఆరు నెలలలోపు చికిత్స జరిగితే 1. మొత్తం 4 దాటితే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. 4 లేదా అంతకంటే తక్కువైతే అవకాశం తక్కువ.

కాలిని కంటితో చూసి వదిలేయకూడదు. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో తీసుకోవాలి. లోతు సిరల వెంబడి నొక్కితే నొప్పి ఉందా అనేది కూడా చూడాలి. చీర కుచ్చిళ్లు పైకి తీయకుండానే ‘వాపు లేదు’ అని రాసిన కేసు షీట్లు తక్కువేమీ కాదు.

అసలు చిక్కంతా వైద్యుడి అభిప్రాయానికి ఇచ్చే ఆ 3 మార్కుల దగ్గరే ఉంది. ఉదాహరణకు, 58 ఏళ్ల మహిళకు తుంటి ఎముక ఆపరేషన్ జరిగి 18 రోజులైంది, నాడి 112, కాళ్లు మామూలుగానే ఉన్నాయి. ఇప్పటికి స్కోరు 3. ఎక్స్-రేలో న్యుమోనియా మచ్చ ఉండి, జ్వరం, కఫం కూడా ఉంటే 3 దగ్గరే ఆగి డి-డైమర్ పంపవచ్చు, అయితే ఇటీవలి ఆపరేషన్ వల్లే అది పెరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్-రే శుభ్రంగా ఉండి, ఆయాసానికి మరో కారణం దొరకకపోతే స్కోరు 6 అవుతుంది. అప్పుడు డి-డైమర్ జోలికి పోకుండా నేరుగా సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్‌కు, అంటే సిరలోకి మందు ఎక్కించి ఊపిరితిత్తుల ధమనులను చూపే స్కానుకు, పంపాలి. సీటీ ఆలస్యమయ్యేటట్లుంటే, రక్తస్రావం ముప్పు లేదనుకున్నాకే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) మొదలుపెట్టాలి. అందువల్ల ఈసీజీ, ఎక్స్-రే చూడకుండా ఆ 3 మార్కులు వేయడం గాని తీసేయడం గాని నా దృష్టిలో తొందరపాటే.

పెర్క్ అనే నియమం వేరు. అనుమానం చాలా తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే, వయసు 50 లోపు, నాడి 100 లోపు, ఆక్సిజన్ 95 శాతానికి తగ్గకపోవడం వంటి ఎనిమిది షరతులూ నెరవేరితే డి-డైమర్ కూడా అక్కరలేదంటుంది. ఒక్క షరతు తప్పినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, పరీక్ష చేయాలన్నమాట అంతే.

గర్భిణులకు ఈ స్కోరును యథాతథంగా వాడకూడదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి సీటీకి ఎక్కించే మందు ఇవ్వలేకపోతే ముందు కాళ్ల డాప్లర్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) తీయించవచ్చు. అందులో గడ్డ కనిపిస్తే చికిత్సకు అదే ఆధారం.

స్కోరు 4 దాటని రోగికి డి-డైమర్ మిల్లీలీటరుకు 500 నానోగ్రాముల లోపు ఉంటే ఎంబాలిజం లేదనుకోవచ్చు. 50 ఏళ్లు దాటినవారికి వయసును పదితో హెచ్చించి ఆ హద్దును పెంచవచ్చు. ఇది ఎఫ్‌ఈయూ (ఫైబ్రినోజెన్ ఈక్వివలెంట్ యూనిట్ల) లెక్క. కొన్ని ల్యాబులు డీడీయూ (డి-డైమర్ యూనిట్ల)లో రిపోర్టు ఇస్తాయి, అందులో అంకె సుమారు సగమే ఉంటుంది. 70 ఏళ్ల రోగికి 620 అని వచ్చిందనుకోండి: ఎఫ్‌ఈయూ అయితే 700 హద్దు లోపలే కనుక ఇంటికి పంపవచ్చు, డీడీయూ అయితే అది దాదాపు 1240తో సమానం కనుక సీటీ తప్పదు.