గడ్డం గీసుకున్నాక పటిక, మూడవ పాఠం: మిగిలిపోయిన సబ్బు, ఆరని బిళ్ళ

కిందటి పాఠంలో నేను ఇచ్చిన సూచన మొత్తం ఒకే వాక్యంలో ఉంది. గడ్డం గీసుకోవడం పూర్తయ్యాక ముఖం కడుక్కుని, తడిపిన పటికబిళ్ళను ముఖమంతా నడిపి, కాసేపు ఉంచి కడిగేయండి అన్నాను. ఆ వాక్యాన్ని నమ్మి ప్రయత్నించినవారిలో చాలామంది మూడు రకాల ఇబ్బందులు తెలియజేశారు. కొందరికి చెంపలు అట్టకట్టినట్టు బిగుసుకుపోయి, మాట్లాడితే చర్మం లాగినట్టు అనిపించింది. కొందరికి చెవుల కిందా, దవడ అంచునా తెల్లటి పొట్టు వంటిది రాలింది. ఇంకొందరికి వారం తిరిగేసరికి బిళ్ళ పైభాగం జిడ్డుగా మారి, ఎంత నడిపినా పట్టినట్టే అనిపించలేదు. పటికలో సత్తువ అయిపోయిందా అని అడిగారు.

ఈ పాఠంలో బిళ్ళను భద్రపరచడం గురించి మాత్రమే చెప్పాలనుకున్నాను. కానీ ఈ ఇబ్బందులు తీరకుండా ఆ సంగతి చెబితే, తప్పుగా వాడుతున్న బిళ్ళను జాగ్రత్తగా దాచుకోవడం నేర్పినట్టవుతుంది. తప్పు నా వాక్యంలోనే ఉంది. "ముఖం కడుక్కుని" అన్నాను గాని ఎంతగా కడగాలో చెప్పలేదు. "కాసేపు" అన్నాను గాని ఎంతసేపో చెప్పలేదు.

పటిక అంటే పొటాషియం, అల్యూమినియం, సల్ఫేటు కలిసిన లవణం. దాని స్ఫటికంలో నీటి అణువులు కూడా ఇమిడి ఉంటాయి. పొడిగా కనిపించే బిళ్ళ బరువులో దాదాపు 45 శాతం నీరే. అయితే పొడి బిళ్ళను పొడి చర్మానికి రాసినంత మాత్రాన ప్రయోజనం లేదు. బిళ్ళకూ చర్మానికీ మధ్యనున్న పలుచని నీటిపొరలోకి కొంత పటిక కరగాలి. అలా కరిగిన పటిక చర్మం పైపొరలోనూ, గాట్లలో ఊరే రక్తంలోనూ ఉన్న మాంసకృత్తులను గడ్డకట్టించి బిగిస్తుంది; అందువల్లనే సన్నని గాట్ల నుంచి వచ్చే రక్తం ఆగుతుంది. వగరు కాయ కొరికినప్పుడు నాలుక ముడుచుకుపోయినట్టు అనిపించడం కూడా ఇటువంటి బిగింపే. పని చేసేది ఆ నీటిపొర గనుక బిళ్ళను అదిమి రుద్దవలసిన అవసరం ఎప్పుడూ రాదు. చర్మం మీద అది తన బరువుతో తాను జారితే చాలు.

ఇక సబ్బు సంగతికి వస్తాను. దీని గురించి కాస్త ఎక్కువగానే రాస్తున్నాను, ఎందుకంటే పటిక మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి సగం నిజానికి సబ్బు మీద రావలసినవే.

ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, గడ్డానికి వాడే నురగను వేలెడంత అందులో కలపండి. నీళ్ళు పాలలా అవుతాయి. ఇప్పుడు మరో గ్లాసులో పటికముక్కను కాసేపు తిప్పి, ఆ నీళ్ళను ఇందులో పోయండి. పాలు విరిగినట్టుగా తెల్లని తునకలు ఏర్పడతాయి. కొన్ని పైకి తేలతాయి, కొన్ని గ్లాసు గోడలకు అంటుకుంటాయి. వేలితో తీసి రుద్ది చూడండి. జిగటగా, మైనంలా ఉంటుంది, నీళ్ళు పోస్తే కరగదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు పటికలోని అల్యూమినియంతో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారాయన్నమాట. దీనికి తోడు పటిక నీళ్ళకు ఆమ్లగుణం ఉంది, వాటి పీహెచ్ 3కు, 4కు మధ్య ఉంటుంది. ఆ పులుపు కూడా సబ్బును విరిచేస్తుంది. గ్లాసులో మీరు చూసిన ఆ తునకలే మీ దవడ మీద పలుచని పొరగా పరుచుకున్నాయి. ఆరాక చర్మాన్ని లాగినదీ, పొట్టులా రాలినదీ చాలామందికి అదే.

"నేను సబ్బు వాడలేదు, గొట్టంలో వచ్చే క్రీము వాడాను" అని కొందరు అన్నారు. క్రీములోనూ, డబ్బా నొక్కితే వచ్చే నురగలోనూ సాధారణంగా ఉండేది స్టియరిక్ ఆమ్లంతో తయారైన సబ్బే. రూపం మారింది గాని పటికతో దాని వైరం మారలేదు.

ముఖం కడిగామనుకున్నాక కూడా సబ్బు మిగిలే చోట్లు ఉంటాయి. చెవి తమ్మె కింద, చెంపవెంట్రుకలు మొదలయ్యే చోట నురగ ఎండి చారలా నిలుస్తుంది. ముక్కుపుటాల పక్కనున్న మడతలో ఉంటుంది. మీసం ఉంచుకున్నవారికి మీసం అంచు వెంట్రుకల్లో ఇరుక్కుని ఉంటుంది, అక్కడి నుంచి పై పెదవి మీదకు దిగుతుంది. గడ్డం కింద, మెడ మొదలయ్యే మడతలో అయితే తల వంచుకుని కడుక్కున్నప్పుడు నీళ్ళు చేరనే చేరవు. అందుకే నేను ముఖాన్ని మూడుసార్లు కడుగుతాను. తల వంచి ఒకసారి, తల పైకెత్తి మెడ చాపి ఒకసారి, చివరగా తడి వేళ్ళతో చర్మాన్ని మెల్లగా తోమి చూస్తూ ఒకసారి. వేలు సబ్బు మీద నడిస్తే నిశ్శబ్దంగా జారిపోతుంది. శుభ్రమైన తడి చర్మం మీద నడిస్తే కాస్త పట్టి ఆగుతుంది. ఈ తేడా వేలికి తెలిసేదాకా బిళ్ళను ముట్టుకోకండి. ఆఖరిసారి చన్నీళ్ళతోనే కడగండి. వేన్నీళ్ళలో పటిక చాలా ఎక్కువగా కరుగుతుంది; ముఖం వేడిగా ఉన్నప్పుడు బిళ్ళ నడిపితే పొర అనవసరంగా చిక్కనవుతుంది, బిళ్ళా త్వరగా అరిగిపోతుంది.

జిడ్డుబారిన బిళ్ళలకు మరొక కారణం నేనే చెప్పిన చిట్కా. చర్మాన్ని లాగి పట్టుకునే వేళ్ళు జారకుండా, గీసుకునే మధ్యలో తడి వేళ్ళతో పటికను తాకమని రాశాను. ఆ చిట్కా మంచిదే, నేను రోజూ వాడతాను. కానీ నురగ అంటిన వేళ్ళతో బిళ్ళను ముట్టుకుంటే గ్లాసులో జరిగినదే బిళ్ళ మీద జరుగుతుంది. రోజుకు నాలుగుసార్లు అలా చేస్తే వారంలో బిళ్ళ చుట్టూ నీరు పట్టని పొర ఏర్పడుతుంది. నీరు అంటకపోతే పటిక కరగదు, కరగకపోతే పని చేయదు. లోపలి సత్తువకు ఏ లోటూ లేదు. మెత్తని తడిబట్టతో గట్టిగా తుడవండి. అప్పటికీ పోకపోతే నీళ్ళతో తడిపి రుద్దే సన్నరకం గరుకు కాగితాన్ని చదునైన చోట పరిచి, దాని మీద బిళ్ళను పదిసార్లు తిప్పండి. లోపలి నుంచి గాజులాంటి పొర మళ్ళీ బయటపడుతుంది. ఇకపై వేళ్ళ కోసం విరిగిన చిన్న ముక్కను వేరుగా పెట్టుకోండి, దాన్ని ముఖానికి వాడకండి.

ఎంతసేపు అన్నదానికి జవాబు ఇది. మామూలు చర్మానికి 30 సెకన్ల నుంచి నిమిషం దాకా, పొడిబారే చర్మానికి 15 లేదా 20 సెకన్లు చాలు. ముఖ్యం ఏమిటంటే ఆ పొర ముఖం మీద ఆరిపోకూడదు. ఆరితే నీరు పోయి లవణం మిగులుతుంది. ఆ లవణమే తెల్లని పొడిగా కనిపిస్తుంది, రోజంతా చర్మాన్ని ఎండగడుతుంది. నేను మాత్రం ముఖం మీద పొర ఉండగానే రేజరు కడిగి విదిలిస్తాను, ఆ పని ముగిసేసరికి నా లెక్క సరిపోతుంది. తరువాత చన్నీళ్ళతో బాగా కడిగి, తువ్వాలుతో అద్ది, సువాసనలు లేని పలుచని క్రీము రాసుకుంటాను. ఆల్కహాలు కలిసిన లోషన్ పటిక మీద రాయడం నాకు నచ్చదు. అప్పటికే బిగిసిన చర్మాన్ని అది మరింత ఎండబెడుతుంది.

మంట గురించి అడిగినవారికి ఒక మాట. శుభ్రంగా, తేలికగా గీసిన చర్మం మీద పటిక చల్లగా తోస్తుంది గాని మండదు. చుర్రుమన్న చోట బ్లేడు చర్మాన్ని కూడా గీకిందని అర్థం; గాటు కంటికి కనబడకపోయినా పటిక దాన్ని పట్టిస్తుంది. ముఖమంతా ఒకేలా మండితే చేతి బరువు ఎక్కువైందనో, బ్లేడు పదును పోయిందనో అనుకోవచ్చు. రోజూ ఒకే చోట, ఉదాహరణకు మెడకు ఎడమ పక్క అరచేయంత మేర మండుతుంటే, అక్కడ వెంట్రుకల వాలు మీరు అనుకున్న దిక్కుకు లేదు, మీరు ఎదురు గీస్తున్నారు. కనుక మంట భయంతో పటిక మానేయకండి, అది చూపిన చోట చేతి తీరు మార్చండి. అయితే పుండ్లు, దద్దుర్లు ఉన్న చర్మం మీదా, మొటిమలకు ఘాటైన మందులు వాడుతున్న చర్మం మీదా దీన్ని నడపకూడదు. కంటిలో పడనివ్వకూడదు. లోతుగా తెగి రక్తం ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. అది పటికతో తీరే పని కాదు.

బిళ్ళను భద్రపరచడానికి ఒకే సూత్రం చాలు: వాడుతున్నప్పుడు నీరు అవసరం, వాడాక అదే నీరు దానికి హాని. ముఖానికి నడిపిన బిళ్ళను చన్నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, నీళ్ళు విదిలించి, బట్టతో ఒత్తి, గాలి ఆడే చోట అంచు మీద నిలబెట్టండి. పడుకోబెడితే అడుగున చిక్కిన నీటిలో ఆ భాగం కరిగి, మరునాటికి గుంటలు పడి, వాటి చుట్టూ కత్తుల్లాంటి అంచులు లేస్తాయి. ఆ అంచులే తరువాత ముఖాన్ని గీస్తాయి. నేను రెండు సన్నని చెక్కపుల్లలను వేలెడు దూరంలో పెట్టి వాటి మీద నిలబెడతాను. బిళ్ళతో పాటు వచ్చే మూత డబ్బా ప్రయాణానికి మాత్రమే. అందులోనూ పూర్తిగా ఆరిన బిళ్ళను నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. లోహపు డబ్బా వద్దు. తడి పటిక ఆమ్లగుణానికి అది తుప్పు పడుతుంది. పాలరాతి గట్టు మీద కూడా పెట్టవద్దు, రాతి నునుపు పోయి మచ్చ మిగులుతుంది. బాగా పొడిగా, వేడిగా ఉండే చోట బిళ్ళ మీద తెల్లని బూడిదలాంటి పూత వస్తుంది. ఉపరితలంలోని నీరు కొంత పోవడం వల్ల వచ్చే పూత అది, తడిబట్టతో తుడిస్తే పోతుంది, భయం లేదు. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి. పటిక 92 డిగ్రీల సెల్సియస్ దాటగానే తన నీటిలో తానే కరిగిపోతుంది.

పూర్తి పారదర్శకంగా ఉండే స్ఫటికపు బిళ్ళ, కరిగించి అచ్చు పోసిన తెల్లబిళ్ళ రెండూ పనిచేస్తాయి. నాకు మొదటిదే ఇష్టం, అరిగేకొద్దీ నునుపుదేరుతుంది. తడి బిళ్ళ చేతిలో నుంచి సబ్బులాగే జారుతుంది, గట్టి నేల మీద పడితే పగులుతుంది. పగిలితే పారేయకండి. మొనదేలిన ముక్కల అంచులను గరుకు కాగితంతో అరగదీసి, ఒకటి వేళ్ళకూ, ఒకటి గాట్లకూ కేటాయించుకోండి. గాటు మీద తడిపిన ముక్కను అదిమి 15 సెకన్లు కదపకుండా ఉంచాలి. మిగిలిన నలుసులను 100 మిల్లీలీటర్ల నీటికి 5 గ్రాముల చొప్పున కరిగించుకుంటే, తీరిక లేని రోజున దోసిట పోసుకుని ముఖానికి చల్లుకోవచ్చు. రక్తం అంటిన ముక్కనైనా, బిళ్ళనైనా మరొకరికి ఇవ్వకూడదు. రక్తంతో సంక్రమించే వ్యాధులను పటిక చంపుతుందని భావించకండి.

అభ్యాసం. ఇది ఓపికతో చేయవలసినది. ఒక కాగితం మీద ముఖం ఆకారం గీసి, అటువంటివి ఇరవై తయారుచేసుకోండి. ఇరవై సార్లు గడ్డం గీసుకునేదాకా, బిళ్ళ నడిపిన పది సెకన్లలో ఎక్కడెక్కడ మండిందో ప్రతిసారీ ఆనాటి బొమ్మ మీద చుక్కలు పెట్టండి. ఆనాటి బ్లేడు ఎన్నోసారి వాడినదో పక్కన రాయండి. మొదటి పదిసార్లు బిళ్ళను పడుకోబెట్టి ఆరబెట్టండి, తరువాతి పదిసార్లు అంచు మీద నిలబెట్టండి. మొదట, పదోసారి తరువాత, ఇరవయ్యోసారి తరువాత, ఈ మూడుసార్లూ బిళ్ళ పూర్తిగా ఆరాక గ్రాముల తూకంలో తూచి రాసుకోండి. గ్లాసు ప్రయోగాన్ని మీరు వాడే నురగతో మొదటి రోజే చేయండి. వచ్చే పాఠంలో మెడ మీది వెంట్రుకల వాలును వేలితో గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను. ఆ ఇరవై బొమ్మలు మీ ముందుంటేనే ఆ పాఠం అర్థమవుతుంది.