చచ్చి నేర్చుకునే ఆటలు: పాత ప్లాట్‌ఫార్మర్లను ఎలా ఆడాలి

పాత ప్లాట్‌ఫార్మర్ (గుంటలూ ఉచ్చులూ దూకి దాటుతూ ముందుకెళ్లే వీడియో గేమ్) ఒకటి మొదలుపెట్టి, ఒకే గుంటలో ఏడెనిమిది సార్లు పడి, విసుగొచ్చి వదిలేశారా? చాలా చోట్ల మొదటిసారే దాటడం ఎవరివల్లా కాదు, ఆ ఆటల్ని తయారుచేసిందే అలా. కాబట్టి మొదటి రెండు మూడు లైఫ్‌లు గెలవడానికి వాడకండి, ముందేముందో చూసి రావడానికి వాడండి.

చచ్చిన వెంటనే బటన్ నొక్కేయకుండా ఒక్క క్షణం ఆగండి. ఏది తగిలింది, ఎటునుంచి వచ్చింది, నేను ఎక్కడికి రాగానే అది కదిలింది, ఈ మూడూ పైకే చెప్పుకోండి. మళ్లీ ఆడేటప్పుడు ఒక్కటే మార్చండి. దూకే చోటూ, దూకే టైమూ, స్పీడూ అన్నీ ఒకేసారి మార్చేస్తే దాటినా ఎందుకు దాటారో తెలీదు, తర్వాతిసారి మళ్లీ అక్కడే పోతారు.

1988 నాటి మెగా మ్యాన్ 2లో క్విక్ మ్యాన్ లెవల్ తీసుకోండి. కిందికి పడుతూ ఉంటే పక్కనుంచి లేజర్లు దూసుకొస్తాయి, తగిలితే లైఫ్ బార్ నిండుగా ఉన్నా చావే. లేజర్‌ని చూశాక కదులుదాం అంటే అప్పటికే ఆలస్యం. ఏ స్క్రీన్‌లో కుడికి, ఏ స్క్రీన్‌లో ఎడమకి అన్నది ఎక్కాల్లా కంఠస్థం చేసి, ఇంకా గాల్లో ఉండగానే తర్వాతి వైపు నొక్కిపెట్టాలి. ముందే ఇంకో లెవల్ బాస్ (చివర్లో వచ్చే పెద్ద ఎనిమీ) ఫ్లాష్ మ్యాన్‌ని ఓడించి ఉంటే టైమ్ స్టాపర్ అనే ఆయుధం చేతిలో ఉంటుంది, దాంతో లేజర్లు ఆగిపోతాయి. కానీ ఒకసారి ఆన్ చేస్తే దాని ఎనర్జీ మొత్తం అయిపోయేదాకా ఆగదు, అదే ఆయుధం ఈ లెవల్ బాస్ క్విక్ మ్యాన్ లైఫ్‌ని కూడా బాగా తగ్గిస్తుంది. నా మాట వింటే లేజర్ల దగ్గరే, అదీ రెండో వరుసలో వాడేయండి, బాస్‌ని మామూలుగానే కొట్టొచ్చు.

కొన్ని చోట్ల మిమ్మల్ని చంపేది ఉచ్చు కాదు, ఆ ఆట రూలు. క్యాసిల్‌వేనియా (1986)లో దూకాక గాల్లో దారి మార్చుకోలేరు, పైగా దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరి గుంటలో పడతారు, అందుకే గాల్లో ఎగిరొచ్చే మెడూసా తల అనే ఎనిమీ దాటిపోయేదాకా అంచు మీద ఆగాలి. నింజా గైడెన్ (1988)లో సరిగ్గా ఉల్టా: అడుగు వెనక్కేస్తే చంపిన ఎనిమీ మళ్లీ పుట్టుకొస్తాడు, ముందుకే పోవాలి.

రిక్ డేంజరస్ (1989) లాంటివి వేరు, వాటిలో ఏ గుర్తూ లేకుండా చంపే ఉచ్చులుంటాయి. నాకది అన్యాయమే అనిపిస్తుంది. అలాంటి చోట ఎమ్యులేటర్‌లో (పాత ఆటల్ని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఆడించే సాఫ్ట్‌వేర్) సేవ్ స్టేట్, అంటే ఆటని ఆ క్షణంలోనే సేవ్ చేసుకునే సదుపాయం, పెట్టుకుని ఆ ముక్కనే ప్రాక్టీస్ చేయండి, తప్పేం లేదు. చేయి తిరిగాక మాత్రం చెక్‌పాయింట్ (చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు) నుంచి సేవ్ లేకుండా ఒకసారి ఆడి చూడండి, అప్పుడే నిజంగా వచ్చిందో లేదో తెలుస్తుంది.

ఇంకొకటి, 1985 సూపర్ మారియో బ్రదర్స్‌లో గేమ్ ఓవర్ అయితే మళ్లీ 1-1 (మొదటి వరల్డ్, మొదటి లెవల్) నుంచి మొదలుపెట్టక్కర్లేదు: టైటిల్ స్క్రీన్‌లో ఎ బటన్ నొక్కిపట్టి స్టార్ట్ కొట్టండి, మీరు పోయిన వరల్డ్‌లో మొదటి లెవల్ నుంచే మొదలవుతుంది.